టేపు చుట్టకముందు

(సొసైటీ వార్షిక సమావేశంలో, టూవీలర్ మెకానిజం శిక్షణ ముగించిన యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



 

నన్ను "యువత, ఉపాధి" అనే విషయం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం నాకు చేతకాదని కార్యదర్శి గారికి ముందే మనవి చేసుకున్నాను. నాకు తెలిసింది బండ్ల వైరింగ్. అనంతపురంలో ముప్ఫై ఏళ్లుగా అదే పని. అందుకని దాని గురించే మాట్లాడతాను, పెద్దలు మన్నించాలి. మోటార్ సైకిల్ ఎక్కని ఇల్లు ఈ సభలో ఒక్కటి కూడా ఉండదు కాబట్టి ఎవరికీ పనికిరాని మాట కాబోదు.

మొదట పిల్లలకు ఒక సంగతి. మీ ఆరునెలల శిక్షణలో ఇంజను విప్పడం, బిగించడం బాగా నేర్చుకున్నారు. నేను చూశాను. కానీ వైరింగ్ రోజున మీలో సగంమంది వెనక వరసలో నిలబడ్డారు. అదీ చూశాను. ఇది మీ ఒక్కరి తప్పు కాదు. మా ఉస్తాద్ దగ్గర నేను నేర్చుకునే రోజుల్లో కూడా ఇంతే. పిస్టన్ చేతికి తగులుతుంది, గేరు పన్ను అరిగితే కంటికి కనబడుతుంది. కరెంటు కనబడదు. కనబడనిదాన్ని బాగుచెయ్యాలంటే ముందు భయం, తరవాత విసుగు, చివరికి ఎట్లాగో ఒకట్లా చేసేసి టేపు చుట్టడం. మన ఊళ్లో తిరిగే పాత బండ్లలో పదింటికి ఎనిమిదింటి డూమ్ విప్పి చూడండి. లోపల నల్లటేపు ఉండలు ఉండలుగా ఉంటుంది. ఒక్కొక్క ఉండ ఒక్కొక్క మెకానిక్ చేసిన సంతకం.

ఆ ఉండ కింద ఏం జరుగుతుందో కొంచెం లెక్క చెబుతాను. చిన్న లెక్కే, భయపడొద్దండి.

బ్యాటరీ మీద నడిచే హెడ్‌లైటు ఉన్న బండి అనుకోండి. 12 వోల్టుల బ్యాటరీ, 35 వాట్ల బల్బు. సుమారు 3 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. వైరు ఎక్కడో తెగింది. మెకానిక్ రెండు కొసలు పంటితో ఒలిచి, మెలిపెట్టి, టేపు చుట్టాడు. లైటు వెలిగింది. గిరాకీ డబ్బులిచ్చి పోయాడు. కొన్ని నెలలకు ఆ మెలికలో రాగి పోగులు నల్లబడతాయి, వదులవుతాయి. అక్కడ 0.4 ఓమ్ అడ్డం వచ్చిందనుకుందాం. అది చాలా చిన్న సంఖ్య. 3 ఆంపియర్లు దానిగుండా పోతే 1.2 వోల్టు ఆ ముడిలోనే ఖర్చయిపోతుంది. బల్బుకు అందేది 10.8. పదోవంతేగా తగ్గింది, పోనీలే అనుకుంటాం. కానీ బల్బు వెలుతురు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా తగ్గుతుంది. వోల్టేజీ పదోవంతు పోతే వెలుతురు ఇంచుమించు మూడోవంతు పోతుంది. రాత్రి దూరంలోనే కనబడాల్సిన ఎనుము దగ్గరికి వచ్చాక కనబడితే ఏమవుతుందో బండి నడిపేవాళ్లకు నేను చెప్పనక్కర లేదు.

ఇంకొకటి. ఆ పోయిన 1.2 వోల్టు ఎక్కడికి పోయింది? ముడిలో వేడిగా మారింది. మూడున్నర వాట్ల పైచిలుకు. టెయిల్ లైటు బల్బు 5 వాట్లు. దాన్ని వెలిగించి టేపులో చుట్టిపెడితే ఎట్లా ఉంటుందో ఇంచుమించు అట్లా ఉంటుంది ఆ ముడి లోపల. వేడికి రాగి ఇంకా నల్లబడుతుంది, అడ్డం ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. పక్కనున్న వైర్ల తొడుగు మెత్తబడుతుంది. ఆ కట్ట పోయేది పెట్రోలు ట్యాంకు కింద నుంచి.

మీటరు పెట్టి చూశాం, 12 వోల్టులు వస్తోంది కదా అంటారు కుర్రాళ్లు. ఇక్కడే చాలామంది మోసపోతారు, నేనూ మోసపోయాను. బల్బు తీసేసి, ఖాళీ సాకెట్‌లో మీటరు పెడితే, వైరులో పదహారు పోగుల్లో పదిహేను తెగి ఒక్కటి మిగిలినా 12 చూపిస్తుంది. మీటరు ఏమీ లాగదు, అందుకని అడ్డం బయటపడదు. బల్బు వెలుగుతుండగా చూడాలి. మీటరు నల్ల మొన బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర మొన బల్బు ఎర్త్ వైరు మీద పెట్టి లైటు వెయ్యండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. 0.1, 0.2 దాకా పరవాలేదు. అర వోల్టు చూపిస్తే ఎర్త్ దారిలో ఎక్కడో జబ్బు ఉన్నట్టు. ఆ తరవాత ప్లస్ వైపు కూడా ఇట్లాగే, బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు ప్లస్‌కు. ఎంత దూరం పోతే సంఖ్య ఒక్కసారిగా ఎగురుతుందో అక్కడ ఉంది మీ దొంగ. బండి మొత్తం విప్పక్కర లేదు. పాత బండ్లు చాలావాటిలో హెడ్‌లైటుకు కరెంటు బ్యాటరీ నుంచి కాక మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వస్తుంది, రేజ్ చేస్తే వెలుతురు పెరుగుతుంది. వాటికి మీటరు ఏసీలో పెట్టాలి, అది మరిచిపోయి కాయిల్ పోయిందని గిరాకీతో కొత్తది కొనిపించినవాళ్లను ఎరుగుదును.

ఎర్త్ అంటే గుర్తొచ్చింది. బ్రేకు నొక్కితే ఇండికేటర్లు మసకగా వెలగడం, హారన్ కొడితే మీటర్ లైటు ఆరిపోవడం లాంటి వింత జబ్బులన్నీ చాలావరకు ఎర్త్ జబ్బులే. కరెంటుకు ఇంటికి పోయే దారి మూసుకుపోతే పక్కింటి గుండా పోతుంది. దయ్యం పట్టింది, వైరింగ్ కిట్ మొత్తం మార్చాలని చెప్పే ముందు, ఫ్రేముకు బిగించిన ఎర్త్ బోల్టు విప్పి, కింద రంగు, తుప్పు గీకి మళ్లీ బిగించి చూడండి. రూపాయి ఖర్చు లేదు.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. ఇది సభలో చెప్పుకునే విషయం కాదు. అయినా ఈ పిల్లలకు చెప్పకపోతే నేను ఇక్కడ నిలబడి మాట్లాడడంలో అర్థం లేదు.

2014 రంజాన్ జులైలో వచ్చింది. పండగకు నాలుగు రోజుల ముందు, అసర్ నమాజు దాటాక, కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు. పాత గిరాకీ. నాకంటే పదేళ్లు పెద్ద. "సాయిబూ, లైటు ఒగసారి ఎలుగుతాది, ఒగసారి ఆరిపోతాది. రాత్రికి మోటారు కాడికి పోవల్ల" అన్నాడు. అప్పట్లో బోరు మోటార్లకు త్రీఫేజ్ కరెంటు రాత్రిపూట ఇచ్చే రోజులు చాలా ఉండేవి. రైతు అర్ధరాత్రి లేచి బండేసుకుని చేను కాడికి పోవాల్సిందే.

హ్యాండిల్ ఎడమకు తిప్పితే ఆరిపోతోంది, కుడికి తిప్పితే వెలుగుతోంది. వైరు మెడ దగ్గర తెగిందని నిమిషంలో తెలిసిపోయింది. సరిగా చెయ్యాలంటే ట్యాంకు దించి, కట్ట విప్పి, మెడకు అటూ ఇటూ జానెడు దూరం దాకా కొత్త వైరు వెయ్యాలి. గంట పని. షాపు ముందు ఇంకా ఆరు బండ్లున్నాయి, ఇఫ్తార్‌కు టైమవుతోంది, పండగ ఖర్చులు నెత్తిమీద ఉన్నాయి. తెగినచోటే రెండు కొసలు లాగి, మెలిపెట్టి, టేపు గట్టిగా చుట్టి పంపించాను. యాభై రూపాయలు తీసుకున్నాను.

రెండు వారాల తరవాత ఆయన కొడుకు బండిని ఆటోలో వేసుకొచ్చాడు. ముందు చక్రం వంకర పోయింది, ఫోర్క్ వంగింది. రాత్రి మలుపులో లైటు ఉన్నట్టుండి ఆరిపోయిందంట, రోడ్డు పక్కన పోసిన కంకర కుప్ప ఎక్కి పడిపోయాడంట. కాలు రెండుచోట్ల విరిగింది. ఆసుపత్రిలో ఉన్నాడు. కొడుకు నన్ను ఒక్క మాట అనలేదు. "మా నాయన రాత చిన్నాయనా" అన్నాడు.

ఆ పిల్లోడు పోయాక డూమ్ విప్పాను. టేపు నేను చుట్టినట్టే ఉంది, చెక్కు చెదరలేదు. టేపు విప్పితే లోపల మెలిక ఊడి రెండు కొసలు విడివిడిగా ఉన్నాయి. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ అది లాగబడింది. మెడ దగ్గర మెలిక వెయ్యకూడదని నాకు తెలుసు. మా ఉస్తాద్ చెవి మెలిపెట్టి నేర్పిన మొదటి పాఠం అది. తెలిసీ వేశాను.

ఆరోజే పోయి చెప్పాల్సింది. పోలేదు. బండి బాగుచేసి, కూలి తీసుకోకుండా ఇచ్చేశాను, వాళ్లు నా మంచితనం అనుకున్నారు. అది ఇంకా బరువైంది. నెలన్నర తరవాత పల్లెకు పోయాను. మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నాడు: "నువ్వు చెప్పకుంటే నాకు ఎట్లా తెలుస్తుండె? టేపు లోపల నేను చూసినానా?" ఇంకొక మాట కూడా అన్నాడు. ఆ ఏడు వాన ఒక్క పదును పడింది. శెనక్కాయలు విత్తాల్సిన ఆ నాలుగు రోజులూ ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు, కొడుకు ఆయన పక్కన ఉన్నాడు. "ఆసుపత్రి డబ్బులు ఎట్లో తెచ్చుకుంటి. పదును యాడనుంచి తెస్తావు నువ్వు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. చేతనైనంత డబ్బు ఇచ్చాను, తీసుకున్నాడు. తీసుకున్నందుకు అల్లాహ్‌కు షుకర్ చెప్పుకున్నాను. ఆయన ఇప్పటికీ నా షాపుకే వస్తాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు. టేపు చుట్టకముందు ముడి తనకు చూపించాలి. పక్కన స్టూలు మీద కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని చూస్తాడు. ఆయనకు క్రింపింగ్ తెలీదు, స్లీవ్ తెలీదు. అయినా చూస్తాడు. ఆయన ఒక్కడికి అట్లా చూపించడం మొదలుపెట్టి, తరవాత అందరికీ చూపించడం నా షాపు అలవాటు అయింది.

మా తాత దూదేకేవాడు. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టి ఇచ్చేవాడు. నార్పల, గూగూడు, ధర్మవరం దాకా. దూదిలో గింజలు, ఉండలు మిగిలిపోతే పరుపు కుట్టినాక పైకి కనబడవని, పడుకున్నవాడి వీపుకు మాత్రం తెలుస్తుందని అనేవాడు. మన పెద్దలకు ఇంకా పెద్ద సంగతి తెలుసు. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి, రాశిలోకి చెయ్యి పోనిచ్చి చూస్తే లోపల తడి తగిలింది. అడిగితే వాన పడిందన్నాడు వర్తకుడు. మరి ఆ తడిసిన గింజలు జనానికి కనబడేట్టు పైనే ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. జుమా ఖుత్బాలో ఎన్నోసార్లు విన్నాను ఈ సంగతి. ఆ రైతు మంచం పక్కన కూర్చున్నరోజు గానీ అది నా గల్లాపెట్టె గురించి చెప్పినదని అర్థం కాలేదు.

సరే, పనిలోకి వస్తాను. వానలే లేని అనంతపురంలో వైర్లకు చిలుం ఎందుకు పడుతుందని ఒక శిక్షణ పిల్లోడు అడిగాడు. మంచి ప్రశ్న. వాన నీళ్లు కాదు, వాటర్ సర్వీసు నీళ్లు. మన బోర్ల నీళ్లు ఉప్పు నీళ్లు, ఫ్లోరైడు నీళ్లు. బిందెకు తెల్లగా గార కట్టే నీళ్లే పంపు ఒత్తిడితో డూమ్ లోపలికి, కప్లర్ల లోపలికి పోతాయి. నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. మళ్లీ తడి తగిలిన ప్రతిసారీ అది రాగిని తింటుంది. అందుకే సర్వీసుకు ముందు డూమ్ వెనక, కీ స్విచ్చి మీద ఒక ప్లాస్టిక్ కవరు కట్టమని గిరాకీకి చెప్పండి.

ఇంకా మన ఎండ. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన రోజున ఎండలో నిలబెట్టిన బండి ట్యాంకు మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడికి మామూలు పీవీసీ టేపు జిగురు కరిగి కారిపోతుంది, టేపు వదులై జారుతుంది, జిగురుకు దుమ్ము అంటుకుంటుంది. ఇంటి గోడ లోపల వేసుకునే టేపు అది. తాడిపత్రి నుంచి వచ్చే బండ్లలో అయితే బండ పాలిష్ దుమ్ము స్విచ్చిల్లో పిండిలా పేరుకుని ఉంటుంది. ముందు బ్రష్‌తో ఊడ్చాకే పని. పల్లె బండ్లకు ఎలుకలు. శెనక్కాయ మూటలు వేసిన గదిలోనే బండి పెడతారు, ఎలుకకు కాయ ఎంతో వైరూ అంతే, పళ్లు అరగదీసుకోవడానికి. ఎలుక కొరికిన వైరు బయటికి ఒక్కచోటే కనబడుతుంది. ట్యాంకు కింద ఇంకో మూడుచోట్ల ఉంటుంది. ఒకటి చూసి ఆగొద్దు.

ఫ్యూజు గురించి నాకు కోపం వస్తుంది, ముందే చెబుతున్నాను. ఫ్యూజు మాటిమాటికి పోతోందని సిగరెట్ డబ్బాలోని వెండి కాగితం చుట్టి పెట్టేవాళ్లు, రాగి పోగు వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. 10 ఆంపియర్ల ఫ్యూజు పోతోందంటే బండి ఏదో చెబుతోంది. దాని నోరు మూసేస్తే తరవాత కాలేది వైరు. దానికి పైన ట్యాంకు. ఒక్క ఫ్యూజు ధర మనం తాగే టీ కంటే ఎక్కువ కాదు. ప్రతి బండి సైడు డోర్‌లో ఒక స్పేరు ఫ్యూజు పెట్టి పంపండి, డబ్బులు తీసుకోకపోయినా నష్టం లేదు.

ఫ్యూజు ఎందుకు పోతుంది? ఈమధ్య ఎక్కువగా మన కుర్రాళ్ల సరదా వల్ల. ఎల్‌ఈడీ ఫాగ్ లైట్లు, లారీ హారన్లు, మొబైల్ చార్జర్లు అన్నీ కీ స్విచ్చి నుంచి వచ్చే ఒక్క సన్న వైరుకు తగిలిస్తారు. ఆ వైరు కంపెనీ వాడు వేసింది అంత బరువుకు కాదు. రిలే పెట్టి, బ్యాటరీ నుంచి వేరే వైరు, వేరే ఫ్యూజుతో లాగాలి. రిలేకు డబ్బులివ్వను అన్నవాడికి హారన్ బిగించవద్దు. పక్క షాపుకు పోతాడు, పోనీయండి.

వైరు కొనేటప్పుడు కూడా చూసుకోండి. బెంగళూరు ఎస్.జె.పి. రోడ్డు నుంచి వచ్చే చవక వైరు చుట్టల్లో కొన్ని అల్యూమినియం మీద రాగి పూతవి. పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. అదే మందం రాగి వైరుకంటే దానికి అడ్డం ఎక్కువ, వంచితే త్వరగా విరుగుతుంది. ఇంట్లో ఎక్కడో వాడుకోండేమో గానీ, అదిరే బండిలో వద్దు.

రంగుల సంగతి కూడా చెప్పాలి. హీరో, హోండా బండ్లలో ఆకుపచ్చ వైరు ఎర్త్. నల్ల వైరు కీ ఆన్ చేస్తే కరెంటు వచ్చేది. యమహాలో నల్లదే ఎర్త్. యమహా మీద పని నేర్చుకున్న పిల్లోడు స్ప్లెండర్‌లో నల్ల వైరును ఫ్రేముకు బిగించి, ఎన్ని ఫ్యూజులు వేసినా ఎగిరిపోతున్నాయని నా దగ్గరికి తెచ్చాడు ఒకసారి. నవ్వాను గానీ, నేనూ చిన్నప్పుడు చేసిందే. రంగును నమ్మవద్దు, మీటరును నమ్మండి. అంతకుముందు ఇంకో మెకానిక్ చేతిలో పడ్డ బండిలో అయితే రంగుకు అర్థమే ఉండదు. చేతికి దొరికిన వైరు వేసేసి ఉంటాడు. మీరు అట్లా చెయ్యకండి. అదే రంగు దొరక్కపోతే రెండు కొసల దగ్గరా చిన్న కాగితం చుట్టి, ఏ వైరో రాసి, పైన స్లీవ్ వెయ్యండి. మీ తరవాత ఆ బండి విప్పేవాడు మీకు తెలియనివాడు కావచ్చు, కానీ మీకు దుఆ చేస్తాడు.

ముడి ఎట్లా వెయ్యాలో మీకు శిక్షణలో చూపించారు, మళ్లీ చెప్పను. ఒక్కటే. సోల్డరింగ్ చేస్తే గట్టి అనుకుంటారు చాలామంది. సీసం వైరు లోపలికి పాకి ఆ భాగాన్ని పుల్లలా బిగుసుకుపోయేట్టు చేస్తుంది. బండి అదురుకు సరిగ్గా ఆ పుల్ల ముగిసేచోట విరుగుతుంది. మంచి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కిన ముడే బండికి మేలు. ప్లయర్ అంటే కటింగ్ ప్లయర్‌తో నలగ్గొట్టడం కాదు. నాలుగు వైర్లు అతకాలంటే నాలుగు ముడులూ ఒకేచోట రానీయకండి, ఒకదాని తరవాత ఒకటి దిగేట్టు వెయ్యండి. మెడ దగ్గర ఎప్పుడూ వద్దు. ఇందాక చెప్పాను ఎందుకో.

పాత బండ్లకు ఇదంతా ఎందుకు, కొత్తవి వచ్చేశాయి కదా అనవచ్చు. కొత్తవాటికే ఇది ఎక్కువ కావాలి. 2017 ఏప్రిల్ నుంచి ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. లైటు ఆర్పే స్విచ్చి లేదు. అంటే ఆ ముడి మీద పగలూ రాత్రీ బరువు ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చింది, చాలా బండ్లలో కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్, చిన్న కంప్యూటర్ వచ్చాయి. దాని సెన్సర్లు 5 వోల్టుల మీద పనిచేస్తాయి. అక్కడ అర వోల్టు పోతే లైటు మసకబారడం కాదు, కంప్యూటర్ తప్పు లెక్క వేసుకుని పెట్రోలు తప్పుగా పోస్తుంది, లేదా బండి రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. ఆ వైర్లలో సూది గుచ్చి టెస్ట్ లైటు పెట్టే పాత అలవాటు మానుకోండి. గుచ్చిన ప్రతి చిల్లులోంచి మన ఉప్పు నీళ్లు దిగుతాయి. టెస్ట్ లైటు బల్బు లాగే కరెంటుకు కంప్యూటర్ కాలిపోనూ వచ్చు, అది మీ నెల సంపాదన మింగేస్తుంది.

ఇప్పుడు డబ్బుల మాట. ఇది చెప్పకుండా నీతులు చెబితే మీరు లోపల నవ్వుకుంటారు. మెలిపెట్టి టేపు చుడితే పది నిమిషాలు, యాభై రూపాయలు. సరిగా చేస్తే గంట, మూడు వందలు. ఎక్సెల్ మీద ప్లాస్టిక్ బిందెలు, చీరల మూట పెట్టుకుని పల్లెలు తిరిగే మనవాళ్లకు మూడు వందలంటే ఒకరోజు మిగులు. "యాభైకి చెయ్యి భాయ్, ఈ వారం గడిస్తే చాలు" అంటాడు. ఏం చెయ్యాలి?

నేను చేసేది చెబుతాను. మీటరు ఆయన చేతికే ఇచ్చి చూపిస్తాను. ఇక్కడ 12 ఉంది, ఇక్కడ 10 ఉంది, మధ్యలో దొంగ ఉన్నాడు అంటే చదువు లేనివాడికి కూడా అర్థమవుతుంది. అప్పుడు సగంమంది మూడు వందల పనికే ఒప్పుకుంటారు. మిగతావాళ్లకు తాత్కాలికంగా చేస్తాను. కానీ ఆ ముడి మీద నల్లటేపు కాదు, ఎర్రటేపు చుడతాను. ఎర్రటేపు ఉందంటే ఇది పక్కా పని కాదని ఆయనకూ తెలుస్తుంది, తరవాత విప్పే మెకానిక్‌కూ తెలుస్తుంది. రాత్రిపూట నడపొద్దని చెప్పి పంపుతాను. నెల లోపల వస్తే ఇచ్చిన యాభై తగ్గించుకుంటాను. ఇట్లా చెయ్యడం మొదలుపెట్టిన తొలి ఏడాది నా గల్లా తగ్గింది, అబద్ధం చెప్పను. ఇంట్లో మాట పడ్డాను. రెండో ఏడు చివరికి సర్దుకుంది. అందరికీ సర్దుకుంటుందని హామీ మాత్రం ఇవ్వలేను.

పెద్దలకు ఒక మనవి. సొసైటీ ఏటా ఈ పిల్లలకు టూల్ కిట్ ఇస్తోంది. దాతలకు అల్లాహ్ బరకత్ ప్రసాదించాలి. ఆ పెట్టె నేను తెరిచి చూశాను. రింగు స్పానర్లు, బాక్సు స్పానర్లు, సుత్తి, స్క్రూడ్రైవర్లు అన్నీ ఉన్నాయి. మీటరు లేదు, క్రింపింగ్ ప్లయర్ లేదు, స్లీవ్ లేదు. నల్లటేపు మాత్రం మూడు చుట్టలున్నాయి. పిల్లలు ఇక రేపు షాపుకు పోయి ఏం చేస్తారు? మనం ఏం ఇచ్చామో అదే చేస్తారు. ఒక మామూలు డిజిటల్ మీటరు, ఒక మంచి ప్లయర్, రెండు సైజుల లగ్గులు, స్లీవ్ కలిపితే కిట్ మొత్తం ఖర్చు మీద మరీ పెద్ద బరువేమీ కాదు. వచ్చే ఏడు నుంచి ఆ మూడు టేపుల్లో రెండు తీసేసి ఇవి చేర్చమని కమిటీని అడుగుతున్నాను. ఈ ఏడు బ్యాచ్ పద్దెనిమిది మందికి క్రింపింగ్ ప్లయర్లు నేను తెచ్చాను, బయట సంచిలో ఉన్నాయి. మీటర్ల సంగతి ఇక్కడున్న పెద్దల్లో ఎవరైనా చూసుకుంటే సంతోషిస్తాను.

ఇంకొక్క మాట, తరవాత భోజనాలు. షామియానా పక్కన ఒక పాత బండి పెట్టించాను. మన కమిటీ సభ్యులొకరిదే, పేరు చెప్పొద్దన్నారు. లైటు మసక, హారన్ గొంతు పోయింది, ఎడమ ఇండికేటర్ వేస్తే రెండూ వెలుగుతున్నాయి. డూమ్ నేను ఇంకా విప్పలేదు. పిల్లలు ప్లయర్లు తీసుకుని అక్కడికి రండి. టేపులు మీరే విప్పాలి, ఏ ముడి ఎంత వోల్టు తింటోందో మీటరుతో చూసి నాకు చెప్పాలి. మళ్లీ చుట్టేముందు బండి యజమానిని పిలిచి చూపించాలి.